బ్రేకు మేడం మాయ

డ్రైవింగ్ స్కూల్లో ఆమెను అందరూ బ్రేకు మేడం అనే పిలిచేవారు. నేర్చుకునేవాళ్ళ కార్లలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదకొండేళ్ళుగా ఆమె కుడికాలు ఆ బ్రేకు మీదే బతుకుతోంది. ఆ కాలికి అదెంత అలవాటైపోయిందంటే, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా దానంతటదే నేలను నొక్కేది. టీవీలో ఎవరైనా మెట్లు దబదబా దిగుతుంటే నొక్కేది. మొగుడు ఆదివారం పూట కొత్త ఆలోచన ఏదైనా మొదలుపెడితే ఇంకా గట్టిగా నొక్కేదని ఆమే చెప్పి నలుగురినీ నవ్వించేది. తన మీద తాను జోకులు వేసుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎవరో ఒకరు ఎలాగూ వేస్తారు, ఆ పనేదో ముందు మనమే చేసేసుకుంటే పోలా అని ఆమె వాదన.

ముప్ఫై ఎనిమిదో ఏట నెల తప్పినప్పుడు, గడువు దాటాక లైసెన్సు రెన్యువల్ అయిందని స్కూలంతా చెప్పుకు తిరిగింది. అంతకుముందు రెండుసార్లు నెల తప్పింది, రెండుసార్లూ నిలవలేదు. ఆ రెండింటి మీద మాత్రం ఆమె ఎన్నడూ జోకు వెయ్యలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయేది.

ఐదో నెలలో స్కానింగుకి మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళారు. డాక్టరమ్మ తెర వంక కాసేపు చూసి, బిడ్డ బాగుంది, మాయ మాత్రం కిందుగా ఉంది అంది. బ్రేకు మేడానికి అప్పటిదాకా తెలిసిన మాయలు మూడే: మాయమాటలు, మాయరోగం, మాయదారి ట్రాఫిక్కు. ఇది నాలుగోది. డాక్టరమ్మ కాగితం మీద తలకిందులుగా ఉన్న సంచీ బొమ్మ గీసి, బిడ్డకు తిండీ గాలీ అందించే మాయ మామూలుగా పైనెక్కడో అతుక్కుంటుందనీ, ఈమెకు సంచీ మూతికి దగ్గరగా అతుక్కుందనీ, అంచుకీ మూతికీ మధ్య దూరం పన్నెండు మిల్లీమీటర్లే ఉందనీ విడమరిచి చెప్పింది. కనీసం ఇరవై ఉండాలట. కడుపు పెరిగేకొద్దీ సంచీ కింది భాగం సాగి మాయ పైకి జరిగినట్టవుతుంది, నూటికి తొంభై మందికి అలాగే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆపరేషను. ఈలోగా నొప్పీ గిప్పీ లేకుండా ఎర్రగా రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వచ్చెయ్యాలి. తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే.

ఆమె మొగుడు లిఫ్టులు బాగుచేసే మనిషి. జోకు వేస్తే రెండో రోజు నవ్వే రకం. అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వారానికి ఎన్ని మిల్లీమీటర్లు పైకెళ్తుంది, మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి అని అడిగాడు. ఆగిపోతే లోపలున్నవాళ్ళు గంట కొడతారులెండి అంది బ్రేకు మేడం. డాక్టరమ్మ నవ్వలేదు. ఏం పని చేస్తారమ్మా అని అడిగింది. డ్రైవింగ్ స్కూల్లో అని ఈమె చెప్పింది.

"అయితే బరువులెత్తొద్దు. బండి నడపడం మానెయ్యండి."

"అలాగేనండి. ఇవాళ్టి నుంచే మానేస్తాను," అంది బ్రేకు మేడం.

హాస్పిటల్ వరండాలోంచే ఇంటికి ఫోను చేసి అత్తగారికి సంగతి చెప్పింది. అత్తగారికి కుడిచెవి పూర్తిగా వినపడదు, ఎడమచెవి తనకిష్టమైంది వింటుంది. "మాయ కిందికి ఉందట అత్తయ్యా" అని ఈవిడ అంటే, ఆవిడకు "మామయ్య కింద ఉన్నాడట" అని వినపడింది. తొమ్మిదేళ్ళ కిందట మాటా మాటా అనుకుని వెళ్ళిపోయిన తన అన్నగారు ఇన్నాళ్ళకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడని ఆవిడ అర్థం చేసుకుంది. తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, రెండంతస్తుల మెట్లు దిగి కింద నిలబడింది. కొడుకూ కోడలూ వచ్చేసరికి ముప్పావుగంటయింది. ఎండకు ఎర్రగా కందిపోయిన మొహంతో ఆవిడ అడిగిన మొదటి మాట, "ఏడీ?"

అసలు సంగతి చెప్పేసరికి ఆవిడకు ముందు కోపం వచ్చింది, తర్వాత కన్నీళ్ళు వచ్చాయి. ఏవి అన్నగారి కోసమో, ఏవి కోడలి కోసమో ఆవిడకే తెలియలేదు. అయితే ఆ పూట నుంచీ ఆ ఇంట్లో మాయకు మామయ్య అనే పేరు స్థిరపడిపోయింది. పొద్దున లేస్తూనే అత్తగారు, "మామయ్య ఏమంటున్నాడే?" అని అడిగేది. పైకి రానని మొండికేశాడని కోడలు చెప్పేది. అడ్డంగా పడుకున్నాడు, మర్యాద తెలియని మనిషి, మీ వైపు చుట్టరికమే కదా అని దెప్పేది. అసలు పేరు పెట్టి పిలిస్తే భయమేసేది. మామయ్య అంటే చుట్టాల గొడవలా ఉండేది. చుట్టాలతో ఎలా నెగ్గుకురావాలో ఎవరికి మాత్రం తెలియదు?

ఇక బండి నడపడం మానెయ్యడం గురించి. ఆమె నిజంగానే మానేసింది. నిజం చెప్పాలంటే పదకొండేళ్ళ కిందటే మానేసింది. నడిపేది నేర్చుకునేవాళ్ళు, ఆమె పక్కన కూర్చుంటుందంతే. డాక్టరమ్మ నడపొద్దంది గానీ కూర్చోవద్దని అన్లేదు. ఈ తెలివి స్కానింగు గదిలో బల్ల దిగుతుండగానే ఆమెకు తట్టింది. తట్టినందుకు లోలోపల మురిసిపోయింది కూడా. ఇంట్లో మాత్రం, బండి నడపడం మానెయ్యమన్నారు, మానేశాను, ఇక బోర్డు మీద రోడ్డు గుర్తులు చెప్తానంతే అని ప్రకటించింది. అందులో ఒక్క అక్షరమైనా అబద్ధం లేదు. మొత్తం కలిపితే మాత్రం పచ్చి అబద్ధం.

ఆమెను సమర్థించడానికి కాదు గానీ, ఒక మాట చెప్పాలి. రోడ్డు గుర్తుల పాఠం ఆమె నిజంగానే చెప్పేది. కుర్రకారునంతా తోటి మాస్టారికి అప్పగించేసింది. ఒక్కరిని మాత్రం ఉంచుకుంది. ఆవిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దావిడ, అరవై రెండేళ్ళు. భర్తకు చూపు తగ్గిపోతోంది, ఇంటి ముందు కారు దుమ్ము కొట్టుకుపోతోంది, ఆయన్ని వారం వారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషి లేడు. అందుకని ఆ వయసులో స్టీరింగు పట్టుకుంది. కానీ స్పీడోమీటరు ముల్లు ఇరవై దాటితే ఆవిడ చేతులు వణికేవి. వెనక ఎన్ని హారన్లు మోగినా ఇరవయ్యే. రోడ్డు మీద తప్పు ఒక్కటి కూడా చెయ్యకుండా, కేవలం అందరికీ అడ్డంగా ఉన్నందుకు మూడుసార్లు టెస్టు ఫెయిలైంది. స్కూల్లో ఆవిడ వెనక ఆవిడ పేరు ఇరవైగారు. పేరు పెట్టింది ఇంకెవరు, బ్రేకు మేడమే.

ఆవిడ పక్కన కూర్చుంటే కడుపులో బిడ్డకి బండి కదులుతోందని కూడా తెలియదు, ఇంట్లో కుర్చీలో కంటే కుదుపు తక్కువ అని బ్రేకు మేడం తనకు తాను నచ్చజెప్పుకుంది. అసలు కారణం వేరు. ఇంట్లో ఊరికే కూర్చుంటే పోయిన ఇద్దరూ గుర్తొస్తారు. ఇరవైగారి పక్కన కూర్చుంటే, ఎడమ అద్దం చూడండి ఆంటీ, గేరు మార్చండి ఆంటీ అంటూ గంట గడిచిపోతుంది. ఈ కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అందులో జోకు ఎక్కడా దొరకదు.

ఏడో నెల నిండి నాలుగు రోజులైంది. పొద్దున పదిన్నర. గిడ్డంగుల వెనక వీధిలో బండిని వెనక్కి తీసి రెండు డ్రమ్ముల మధ్య పెట్టడం నేర్చుకుంటున్నారు. ఇరవైగారు ఐదోసారి డ్రమ్ముకి తగిలించింది. డ్రమ్ముకి నొప్పి తెలియదు గానీ నాకు తెలుస్తుంది ఆంటీ అని బ్రేకు మేడం అంటుండగా, ఒళ్ళో వెచ్చగా తడి తగిలింది. నీళ్ళ సీసా ఒలికిందేమో అనుకుంది. సీసా తలుపు గూట్లో మూత బిగించే ఉంది. చెయ్యి పెట్టి చూసుకుంది. ఎర్రగా ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకుండా వచ్చే రక్తం గురించే డాక్టరమ్మ హెచ్చరించింది.

మొదట అంబులెన్సుకి ఫోను చేసింది. వంతెన మీద పనులు జరుగుతున్నాయి, అరగంట పడుతుందన్నారు. హాస్పిటల్ వంతెనకు ఇవతలే, ఆరు కిలోమీటర్లు. తానే నడిపితే పది నిమిషాలు. చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది, దిగి అటువైపు వెళ్దామని. అప్పుడు వినపడింది డాక్టరమ్మ మాట, ఇన్నాళ్ళూ తాను వినదలుచుకున్నట్టు కాదు, ఆవిడ చెప్పినట్టు.

మొగుడికి ఫోను చేసింది. ఎక్కడో లిఫ్టు గుంటలో ఉన్నాడు, వెనక ఇనుము చప్పుళ్ళు. మామయ్య అనలేదు. "నేను కార్లో ఉన్నాను. మాయ దగ్గర రక్తం వస్తోంది. హాస్పిటల్‌కి వెళ్తున్నా, నువ్వొచ్చెయ్," అంది. అటువైపు ఇనుము చప్పుడు ఆగిపోయింది. కార్లో ఎందుకున్నావని అతను అడగలేదు. వస్తున్నా అన్నాడంతే.

ఇరవైగారు స్టీరింగు పట్టుకుని కొయ్యబారిపోయింది. తనవల్ల కాదంది. మెయిన్‌రోడ్డు మీద తానెప్పుడూ వెళ్ళలేదంది. బ్రేకు మేడం ప్రతి కొత్తవాళ్ళకీ మొదటిరోజు చెప్పే మాటే చెప్పింది. "కంగారు పడకండి ఆంటీ. బ్రేకు నా కాలి కింద కూడా ఉంది. ఏం జరిగినా నేను ఆపేస్తాను."

చెప్పేసి సీటు వెనక్కి వాల్చి, కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని, వెనక సీట్లోంచి తన స్వెట్టరు లాగి మీద కప్పుకుంది. కాళ్ళు కిందికి వేలాడేస్తే ఇంకా కారిపోతుందేమోనని, నొక్కితే ఏమైనా ఊడిపోతుందేమోనని భయం. అందులో శాస్త్రం ఎంతుందో ఆమెకు తెలియదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ కారులో రెండో బ్రేకు మీద కాలు లేదు. ఆ సంగతి నడిపే మనిషికి తెలియకపోతే చాలు.

బండి కదిలింది. ఇరవై. మెయిన్‌రోడ్డు ఎక్కేదాకా ఇరవయ్యే. వెనక లారీ హారను మోగించింది. ఇరవైగారు పక్కకు ఒక్కసారి చూసింది. రోడ్డు చూడండి ఆంటీ అని బ్రేకు మేడం అంది. ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. ఇంజను శబ్దం మారింది. ముల్లు ముప్ఫై దాటింది, నలభై దాటింది, నలభై ఐదు దగ్గర నిలబడింది. ఇండికేటరు వెయ్యండి అని నోరు అలవాటు కొద్దీ అనేసింది. అప్పటికే వేసి ఉంది.

బిడ్డ కదలడం లేదు. పొద్దున టీ తాగాక ఒక్కసారి తన్నింది, అంతే. బ్రేకు మేడం కడుపు మీద చెయ్యి వేసుకుని జోకు కోసం వెతికింది. ఒక్కటీ రాలేదు. వచ్చిందల్లా ఒక్కటే మాట. ఆ ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే పోయారు, ఇది పోతే మాత్రం నా తెలివితేటల వల్ల పోతుంది. నడపొద్దు అన్నదానికి కూర్చోవచ్చు అని అర్థం తీసిన నోరు ఇది. ఆ నోటితోనే ఇప్పుడు, కదులమ్మా, ఒక్కసారి కదులమ్మా అని గొణుగుతోంది.

రెండు డ్రమ్ముల మధ్య బండి పెట్టలేని మనిషి హాస్పిటల్ అత్యవసర ద్వారం ముందు, ఒక అంబులెన్సుకీ గోడకీ మధ్య, ఒక్క ఊపులో పెట్టేసింది. నర్సులు స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే బ్రేకు మేడం చెప్పులు కారులోనే ఉండిపోయాయి.

లోపల కడుపు చుట్టూ పట్టీ బిగించారు. బిడ్డ గుండె వినిపించే బిళ్ళను నర్సు ఒకచోట పెట్టింది, ఏమీ వినపడలేదు. ఇంకోచోట పెట్టింది. ఆ రెండింటి మధ్య ఎంతసేపైందో బ్రేకు మేడం ఇప్పటికీ చెప్పలేదు. తర్వాత గుర్రం పరిగెత్తినట్టు టకటకమని బిడ్డ గుండె వినపడింది. ఆమె బావురుమంది. డాక్టరమ్మ వచ్చి రక్తం చూసి, సెలైను పెట్టించి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షను రాయించి, అప్పుడు అడిగింది, బండి నడపడం మానెయ్యమన్నాను కదమ్మా అని.

"నేను నడపలేదండి. పక్కన కూర్చున్నాను."

రెండు నెలలకు పైగా దాచుకున్న తెలివి బయటికి వచ్చేసరికి ఎంత చవగ్గా ఉందో ఆమెకే తెలిసింది. సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరమ్మ మెత్తబడి, కూర్చున్నందుకే వచ్చిందని చెప్పలేం, మంచం మీద పడుకున్నవాళ్ళకీ వస్తుంది, కాళ్ళు పైకెత్తినా దించినా కూడా పెద్ద తేడా ఉండదు, టైముకి రావడమే ముఖ్యం అని చెప్పింది.

లిఫ్టుల మనిషి గ్రీజు చేతులతోనే వచ్చాడు. తిడతాడని ఆమె ఎదురు చూసింది. తిడితే బాగుండేది. అతను చేతులు కడుక్కొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు ఆ గుండె చప్పుడు వింటూ ఉండిపోయాడు. చివరికి అన్నాడు.

"నీ జోకులు మానమని నేననను. భయమేసినప్పుడు మాత్రం ముందు భయమేసిందని చెప్పు. జోకు తర్వాత వేద్దువుగాని."

మూడో రోజుకి రక్తం ఆగింది. పదో రోజుకి ఇంటికి పంపించారు. ఆ తర్వాత ఆమె మంచం, కుర్చీ, కిటికీ తప్ప ఎక్కడికీ కదల్లేదు. భయమేసినప్పుడల్లా భయమేస్తోందని చెప్పింది. మొదట్లో రోజుకి పదిహేనుసార్లు చెప్పేది. దానికంటే నీ జోకులే నయమని అత్తగారు విసుక్కుంది. విసుక్కుంటూనే మంచం పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చునేది. తొమ్మిదో నెల మొదట్లో స్కానింగు తీస్తే అంచు మూతికి ఇరవై ఆరు మిల్లీమీటర్ల దూరానికి వెళ్ళింది. మామయ్య దారి ఇచ్చాడు. ఆ వార్త ఫోనులో చెబితే అత్తగారు ఈసారి రెండుసార్లు మళ్ళీ అడిగి, సరిగ్గా విన్నాకే ఏడ్చింది.

ఆపరేషను లేకుండానే ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఏడు వందలు. తండ్రి పోలికతో పుట్టిందనీ, ఎంత ఆడించినా రెండో రోజే నవ్వుతుందనీ బ్రేకు మేడం వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

పిల్లకు నెల నిండాక ఇరవైగారు చూడ్డానికి వచ్చింది. కారు తానే నడుపుకుంటూ వచ్చింది. నాలుగోసారి టెస్టు పాసైందట. భర్తను కంటి డాక్టరు దగ్గర దింపి, ఆయనకు చుక్కలు వేసి కూర్చోబెట్టే గంటలో ఇటు వచ్చిందట. చేతిలో ఒక సంచీ ఉంది. అందులో బ్రేకు మేడం చెప్పులున్నాయి, కడిగి తుడిచి పెట్టినవి.

పిల్లను ఆవిడ ఒళ్ళో పెట్టి బ్రేకు మేడం ఎదురుగా కూర్చుంది. అత్తగారు లోపలికి వెళ్ళేదాకా ఆగి, నెలల తరబడి గొంతులో ఉన్న మాట చెప్పింది. "ఆంటీ, ఆరోజు మీకొక అబద్ధం చెప్పాను. బ్రేకు మీద నా కాలు లేదు."

ఇరవైగారు పిల్ల గుప్పిట్లోంచి తన వేలు తీసుకోలేదు.

"తెలుసమ్మా. మెయిన్‌రోడ్డు మీద ఒకసారి ఇటు చూశాను కదా. బ్రేకు మీద నీ చెప్పు ఒక్కటే ఉంది."

బ్రేకు మేడం అడిగింది, "మరి భయమెయ్యలేదా?"

"వెయ్యకేం. చేతులు చచ్చుబడిపోయాయి. చూశానని చెప్తే నువ్వు కాళ్ళు కిందికి దింపుతావు కదా, అందుకని చెప్పలేదు."